నిండుకుంది

ఇశ్రాయేలు చేసే ఉద్యోగం ఏమిటో బెజవాడ గవర్నర్‌పేటలో ఎవరికీ అంతుబట్టలేదు. లాడ్జి గుమాస్తా రిజిస్టర్లో 'కంప్యూటరు మెకానిక్' అని రాసుకున్నాడు. సందు చివర మెస్సు నడిపే మాణిక్యం ఆయన్ని ఇన్సూరెన్సు ఏజెంటనుకుని, ఆయన భోజనం చేసినంతసేపూ మొగుణ్ణి వంటింట్లోంచి కదలనివ్వలేదు. ఎరువుల కంపెనీ ఆఫీసులో టైపిస్టు సుబ్బరత్నం ఒక్కతే కాస్త దగ్గరగా చెప్పింది. "కంపెనీలకి సలహాలు చెప్పే ఇంజినీరట" అంది. "సలహాలకి ఇంజినీరెందుకమ్మా? మా ఆయన ఊరికే చెప్తాడు" అంది మాణిక్యం.

వాళ్ళ తప్పేం లేదు. 1976లో అలాంటి ఉద్యోగం ఒకటుందని, దాన్ని ఇచ్చినవాళ్ళకే సరిగ్గా తెలియదు. ఇశ్రాయేలు మద్రాసులో ఇంజినీరింగు చదివి, బొంబాయిలో బీరువాలంత కంప్యూటర్ల మధ్య, చలిగదిలో స్వెట్టరు వేసుకుని కొన్నేళ్ళు పనిచేశాడు. మిషను లెక్క సరిగ్గానే చేస్తున్నా కంపెనీలు ఎందుకు నష్టపోతున్నాయో తెలుసుకోవాలనిపించి, కలకత్తా వెళ్ళి మేనేజిమెంటు చదివాడు. ఇప్పుడు మద్రాసులో సంజీవరావుగారి కన్సల్టింగు సంస్థలో పని. టై కట్టాడు కాబట్టి మనవాడు కాదన్నారు కంప్యూటరువాళ్ళు. స్క్రూడ్రైవరు పట్టిన చెయ్యి కాబట్టి తమవాడు కాదన్నారు మేనేజిమెంటువాళ్ళు. రెంటికీ చెడ్డ రేవడి ఎలా ఉంటాడో చూడాలంటే ఇశ్రాయేల్ని చూస్తే చాలు.

పోనీ ఊరన్నా ఉందా అంటే అదీ లేదు. మైలవరం పక్క ఏదో పల్లెలో పుట్టాడని ఒక సర్టిఫికెట్టులో ఉంది. తల్లి పురిట్లో పోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే తండ్రి కలరాలో పోతే, మిషన్ దొరసాని పిల్లాణ్ణి తీసుకెళ్ళి నీలగిరుల్లో హాస్టల్లో వేసింది. అక్కడ గంట కొడితే అన్నం వచ్చేది. అది ఎక్కడ ఉడికేదో పిల్లలకి తెలియదు. తెలుగు వినబడేది ఆదివారం సాయంత్రం ప్రార్థనలో, ఒక ముసలి పాస్టరుగారి నోట మాత్రమే. ఆయన దగ్గర నేర్చుకున్నదే ఇశ్రాయేలు తెలుగు. ఆ తెలుగులో ఆలయం మహిమతో నిండుకొనేది, మనసు ఆనందంతో నిండుకొనేది. ఏది నిండుకున్నా సంతోషించడమే పని.

తంటా అంతా ఇక్కడే వచ్చింది.

బసవపున్నయ్యగారు దివిసీమ రైతు. ఎరువుల వ్యాపారంలో దిగి జిల్లా అంతటా డిపోలు పెట్టాడు. ఏ డిపోకి ఎప్పుడు లారీ పంపాలో ఆ లెక్కంతా ఆయన బుర్రలోనే ఉండేది. డిపోలు పెరిగి, వయసు మీద పడి, ఒకచోట బస్తాలు చెమ్మ పట్టి గడ్డకడుతుంటే ఇంకోచోట రైతులు బస్తా కోసం చొక్కాలు చింపుకుంటున్నారు. "దీనికేదన్నా మిషనుందా?" అని ఆయన మద్రాసుకి కబురు పెట్టాడు. కంపెనీ కష్టమూ కంప్యూటరు సంగతీ రెండూ తెలిసినవాడు సంస్థలో ఇశ్రాయేలు ఒక్కడే. ఈ పని గట్టెక్కితే సంస్థలో భాగస్తుణ్ణి చేస్తానని సంజీవరావుగారు మాటిచ్చారు.

ఇశ్రాయేలు వేసిన పథకం చూడటానికి ముచ్చటగా ఉంటుంది. డిపోలవాళ్ళు శుక్రవారం పొద్దున ట్రంకు ఫోనులో నిల్వ ఎంతుందో చెప్పాలి. ఆ గరగరలో అంకెలు చెబితే ఏడు ఆరవుతుంది, వంద పదవుతుంది. అందుకని మూడే మాటలు: నిండు, సగం, ఖాళీ. ఆ మాటల ప్రకారం, కంప్యూటరు చదివే అట్టకార్డులకి ఒక అమ్మాయిచేత చిల్లులు పొడిపించి సాయంత్రం మెయిల్లో మద్రాసు పంపితే, ఆదివారం తక్కువ అద్దెకి దొరికే కంప్యూటరు మీద లెక్క నడుస్తుంది. మంగళవారానికి లారీల పట్టిక చేతికొస్తుంది. ఖాళీ డిపోకి ముందు లారీ, నిండు డిపోకి అసలు లేదు. ఫోన్లు ఇశ్రాయేలే తీసుకునేవాడు. మధ్యలో ఇంకో మనిషుంటే తప్పు దొర్లుతుందని భయం.

అంతా బాగానే ఉందిగానీ, శుక్రవారం పూట లక్ష్మీదేవి వింటుండగా నోరు తెరిచి 'ఖాళీ' అనే వ్యాపారి కృష్ణాజిల్లాలో ఎక్కడున్నాడో కలకత్తాలో ఎవరూ చెప్పలేదు.

"మైలవరం డిపో, శౌరయ్యనండీ. యూరియా నిండుకుందండి."

"నిండుకొనినదా? చాలా సంతోషము."

అటువైపు కాసేపు గరగర మాత్రమే వినిపించింది. "ఏమన్నారండీ?"

"చాలా సంతోషము అంటిని. ఇటులనే ఉండవలెను."

ఫోను పెట్టేసి 'నిండు' అని గుర్తు వేసుకున్నాడు. సుబ్బరత్నం టైపు ఆపి చూసింది. ఆ గదిలో ఆవిడ చాలామంది మేనేజర్లని చూసిందిగానీ, సరుకు అయిపోయిందంటే సంబరపడే మనిషిని చూడటం అదే మొదలు. పెద్ద చదువులవాళ్ళ వేళాకోళం ఇలాగే ఉంటుంది కాబోలనుకుని మళ్ళీ టైపులో పడింది. ఆవిడ ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. సూటు వేసుకున్న మనిషిని తెలుగు మాటకి అర్థం తెలుసా అని ఎవరడుగుతారు?

సాయంత్రాలు ఇశ్రాయేలుకి ఏమీ తోచేది కాదు. ఏలూరు రోడ్డు మీద రిక్షాల మధ్య నడిచి బ్యారేజీ దాకా వెళ్ళేవాడు. అక్కడ కుటుంబాలు కుటుంబాలుగా వేరుశనక్కాయలు తింటూ కృష్ణని చూస్తుండేవి. ఆయన కూడా కాసేపు చూసేవాడు. చుట్టూ అందరూ తన భాషే మాట్లాడుతున్నారని తెలుసు, అందులో సగం తనకి తెలియదనీ తెలుసు. ఆదివారం చర్చిలో వెనక బల్ల మీద కూర్చుంటే, పక్కనున్నవాళ్ళు మర్యాదకి "ఏ ఊరండీ మనది?" అని అడిగేవాళ్ళు. మద్రాసంటే "అబ్బే, సొంతూరండీ" అనేవాళ్ళు. ఆ ప్రశ్నకి భయపడి తర్వాత్తర్వాత ఆరాధన ముగియకముందే లేచి వచ్చేయడం మొదలుపెట్టాడు. మెస్సులో గోడ వైపు తిరిగి తినేవాడు. ఒంటరితనం ఆయనకి కొత్త కాదుగానీ, పుట్టిన నేల మీద అది ఇంకాస్త ఎక్కువగా గుచ్చింది.

సార్వా వరి దుబ్బు కట్టి, యూరియా పడాల్సిన వేళకి గొడవ బయటపడింది. బసవపున్నయ్యగారు పట్టిక పట్టుకుని గదిలోకి వచ్చాడు.

"ఏవండీ ఇంజినీరుగారూ, మీ కాగితం ప్రకారం మైలవరం డిపో నెల్లాళ్ళుగా నిండుగా ఉంది. రైతులెళ్ళి చూస్తే గోడౌన్లో ఎలకలు కబాడీ ఆడుతున్నాయట. సరుకేమైంది?"

"మిషను అబద్ధమాడదండి" అన్నాడు ఇశ్రాయేలు.

"అదే నేనూ అనేది. మిషను ఆడకపోతే శౌరయ్య ఆడుతున్నాడు. నల్లబజారుకి తోలేశాడు. ఇంకో నాలుగు డిపోల్లోనూ ఇదే గోల, అందరూ కూడబలుక్కున్నారు. ముందు వీణ్ణి పట్టుకుంటే మిగతావాళ్ళు దారికొస్తారు. ఇవి ఎమర్జెన్సీ రోజులు బాబూ. ఎరువు దాచారని తెలిస్తే ముందు నన్ను లోపలేస్తారు, బెయిలు కూడా ఉండదు. వాడి జీతం ఇప్పటికే ఆపేశాను. సోమవారం పోలీసులకి రిపోర్టు ఇస్తున్నాను. మీరెళ్ళి గోడౌను చూసి, సంతకం పెట్టి రాసివ్వండి."

శనివారం పొద్దున ఇశ్రాయేలు మైలవరం బస్సెక్కాడు. ఇబ్రహీంపట్నం దాటాక, కొండపల్లి కొండలు ఒక పక్కన నడుస్తుంటే, కిటికీలోంచి పల్లెలన్నీ పట్టి పట్టి చూశాడు. వీటిలో ఏదో ఒకటి తనది. ఏదీ ఆయన్ని గుర్తుపట్టలేదు. పొలాల్లో వరి మాత్రం పచ్చదనం లేక పాలిపోయి ఉంది.

శౌరయ్య యాభై దాటిన మనిషి. గోడౌను తలుపులు బార్లా తెరిచి చూపించాడు. లోపల ఊడ్చినట్టుంది.

"సరుకు ఎవరికి అమ్మితిరి?"

"ఎవరికేంటండీ, రైతులకి. వచ్చింది వచ్చినట్టు ఇచ్చేశాను. ఆ తర్వాత శుక్రవారం శుక్రవారం ఫోనులో మొత్తుకుంటానే ఉన్నాగా!"

"ఫోనులో మీరు నిండినదని చెప్పితిరి."

"నేనా? మరియమ్మ తోడు, నిండుకుందనే చెప్పానండీ."

"అదే!"

"అదేనండీ!"

ఇద్దరూ ఒకే మాట అన్నారు. ఎదుటివాడు బొంకుతున్నాడని ఇద్దరూ అనుకున్నారు. శౌరయ్యకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "జైలుకి పంపాలనుకుంటే పంపండి. కానీ నిండుకుందంటే సంతోషమంటారేంటండీ? మా ఆవిడతో చెబితే నమ్మలేదు."

గోడౌను వెనకే వాళ్ళ ఇల్లు. శౌరయ్య భార్య తెరేసమ్మ గుమ్మంలోంచి కేకేసింది. "నేరాల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఆ బాబు ఎండనపడి వచ్చాడు, ముందు అన్నం తిననియ్యి."

వద్దనాలనుకున్నాడు ఇశ్రాయేలు. విచారణకి వచ్చినవాడు ముద్దాయి ఇంట్లో తినకూడదని ఆయనకి తెలుసు. కానీ అప్పటికే చాప పరిచి, కంచం పెట్టి, చెంబుతో నీళ్ళు పెట్టింది. ఆయన హాస్టళ్ళలో తిన్నాడు, క్యాంటీన్లలో తిన్నాడు, మెస్సుల్లో తిన్నాడు. ఒక ఇంట్లో, పక్కన ఒకావిడ నిలబడి కొసరి కొసరి వడ్డిస్తుంటే తినడం ఆయనకి గుర్తున్నంతలో అదే మొదలు. గోంగూర పచ్చడి, చారు.

"ఏ ఊరు బాబూ మీది?"

"ఈ దాపుననే అని చెప్పుదురు. ఏ పల్లెయో తెలియదు."

"అమ్మ?"

"నేను పుట్టిన దినముననే పోయినది."

తెరేసమ్మ కంచంలో ఇంకాస్త చారు పోసింది. లోపలికి వెళ్ళి, తలుపు చాటున మొగుడితో గొంతు తగ్గించి అంది. "బియ్యం నిండుకున్నాయి."

"తెలుసులే. ఆయనకి పెట్టు."

ఇశ్రాయేలు చెవిన పడింది. జీతం ఆగిపోయిన ఇంట్లో బియ్యం నిండుకొని ఉన్నాయి! సరుకు ఏమైందో అర్థమైపోయిందనుకున్నాడు. అంత మంచి మనుషులు దొంగలైనందుకు బాధ కూడా వేసింది. తెరేసమ్మ గిన్నెతో వచ్చి "ఇంకాస్త పెట్టనా?" అంటే, ఎలాగూ నిండుకొని ఉన్నాయి కదా అని "పెట్టుడి" అన్నాడు. మారు పెట్టించుకున్నాడు. ఇంకోమారు కూడా పెట్టించుకున్నాడు.

చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. తిరిగి వస్తుంటే వంటిల్లు కనబడింది. మొగుడూ పెళ్ళాం చెరో గిన్నెలో గంజి పోసుకుని ఉప్పు కలుపుకుంటున్నారు. అన్నం గిన్నె కడిగి బోర్లించి ఉంది. మూలన బియ్యం డబ్బా మూత తీసి ఉంది. అడుగున నాలుగు గింజలు అంటుకుని ఉన్నాయి.

ఇశ్రాయేలు అక్కడే నిలబడిపోయాడు.

"అమ్మా, బియ్యము నిండుకొనినవంటిరి గదా?"

"అవును బాబూ, నిండుకున్నాయి."

"కానీ ఇది ఖాళీ…"

"అయ్యో, అట్టా అనకు బాబూ!" తెరేసమ్మ గిన్నె కింద పెట్టేసింది. "ఖాళీ అని, లేవని ఇంట్లో అనకూడదు. లేవంటే లేకుండానే పోతాయి. అందుకే నిండుకున్నాయంటాం. అయిపోయాయని అర్థం. ఎవురన్నా అంతే, ఏ ఇంట్లోనన్నా అంతే. మీ…"

మీ ఇంట్లో అనరా అని అడగబోయి ఆగిపోయింది.

ఇశ్రాయేలు శౌరయ్య వైపు తిరిగాడు. "ఫోనులో మీరు చెప్పినది…"

"అదేనండీ నేను చెప్పింది" అన్నాడు శౌరయ్య.

ఆయనకి ముంచుకొచ్చింది సిగ్గు. ఈ ఇద్దరి అన్నం తిన్నాడు, అదీ మూడు సార్లు పెట్టించుకుని తిన్నాడు. ఈ మనిషిని జైలుకి పంపే కాగితం తన సంతకం కోసం ఎదురుచూస్తోంది. పాలిపోయిన ఆ వరి కూడా తన పుణ్యమే. సిగ్గు వెనకాల ఇంకోటి ఉంది, అది చాలా పాతది. ఈ మాట కంప్యూటరు బడిలో నేర్పేది కాదు, మేనేజిమెంటు బడిలో నేర్పేది కాదు. పెరట్లో ఆడుకునే పిల్లాడికి వంటింట్లోంచి వినబడే మాట ఇది. తనకి పెరడు లేదు, వంటిల్లు లేదు, అనేవాళ్ళు లేరు.

బెజవాడ తిరిగొచ్చి సంజీవరావుగారికి ట్రంకు కాల్ చేశాడు. ఆయన అంతా విని ఇంగ్లీషులో నవ్వి, తెలుగులో చెప్పారు. "ఈ నిండుకోవడం గొడవంతా ఎందుకయ్యా? కార్డులు పొడిచే అమ్మాయి పొరపాటు చేసిందని రాసెయ్. ఆ డిపో అతను బయటపడతాడు, మనమూ బయటపడతాం. నీ భాగస్వామ్యం ఎక్కడికీ పోదు."

"ఆ అమ్మాయికి పని వచ్చునండి. మాట రానిది నాకు" అని ఫోను పెట్టేశాడు.

సోమవారం పొద్దున బసవపున్నయ్యగారి గదిలో నిలబడే చెప్పాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. పథకం తనది, ఫోను తీసుకున్నది తను, శౌరయ్య చెప్పింది నిజం, మిగతా నాలుగు డిపోలవాళ్ళు చెప్పిందీ నిజం. బసవపున్నయ్యగారు మొదట నోరు తెరిచాడు, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. గుమ్మంలో సుబ్బరత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నిండుకుందంటే నిండిందనుకున్నారా! ఓరి దేవుడో! అదేంటండీ, మీ ఇంట్లో మీ అమ్మగారు ఎప్పుడూ అనలేదా?"

"మా ఇంట ఎవరును అనలేదండి" అన్నాడు ఇశ్రాయేలు. "మాకు ఇల్లు లేదు."

బసవపున్నయ్యగారి నవ్వు ఆగిపోయింది. సుబ్బరత్నాన్ని పిలిచి ఆ అయిదు డిపోలకీ అప్పటికప్పుడు లారీలు కట్టమన్నాడు. శౌరయ్యకి జీతమంతా ఇప్పించమన్నాడు. తర్వాత ఇశ్రాయేలుతో మెత్తగానే అన్నాడు.

"మిషను మంచిదే. మీరూ మంచోరే, ఇంకోడైతే ఇది చెప్పేవాడు కాదు. కానీ రైతుకి నెల పోయిందండీ, ఆ నెల మళ్ళీ రాదు. మా వ్యవహారమూ మీ మిషనూ, మధ్యలో మిమ్మల్ని వంతెన అనుకున్నాను. వంతెనకి రెండు గట్లూ ఆనాలి కదా? ఈ గట్టు మీకు ఆనలేదు. ఈ పని ఇంతటితో ఆపేద్దాం."

ఇశ్రాయేలు తలూపాడు.

స్టేషనుకి సాగనంపడానికి ఎవరూ రారనే అనుకున్నాడు. బండి కదిలే ముందు శౌరయ్య ప్లాట్‌ఫారం మీద పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో గుడ్డ సంచి. "మా తెరేస పంపింది బాబూ. కొత్త బియ్యం కాదు, పాతవే, బాగుంటాయి. ఇంటికెళ్ళి వండుకోమంది."

ఇంట్లో గిన్నె కూడా లేదని చెప్పడం ఎందుకని సంచి తీసుకున్నాడు. "వెళ్ళుచున్నానండి."

"వెళ్తాననకూడదు. వస్తాననాలి."

"వస్తాను" అన్నాడు ఇశ్రాయేలు. అన్నాక ఆ మాటని లోపల ఇంకోసారి అనుకుని చూసుకున్నాడు.

మద్రాసులో భాగస్వామ్యం సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఊళ్ళకి వేరేవాళ్ళని పంపేవాళ్ళు. ఆయన్ని ఆఫీసు వెనక గదిలో, కంప్యూటరుకి వెళ్ళే కార్డుల మీద తప్పులు చూసే పనిలో కూర్చోబెట్టారు. ఇశ్రాయేలు ఒక కిరసనాయిలు స్టవ్వూ, గిన్నే, బియ్యానికి ఒక డబ్బా కొన్నాడు. మొదటి రోజు అన్నం మాడింది. రెండో రోజు పలుకైంది. తర్వాత్తర్వాత కుదిరింది. గదిలో అన్నం ఉడికే వాసన వస్తుంటే, వేరే ఎవరింటికో వచ్చి కూర్చున్నట్టు కూర్చునేవాడు. ఎదురుగా ఎవరూ లేకపోయినా కంచం గోడ వైపు పెట్టుకోవడం మానేశాడు.

ఒక గురువారం సాయంత్రం డబ్బాలో చెయ్యి పెడితే అడుగు తగిలింది. నాలుగు గింజలు మిగిలాయి. తెరేసమ్మ ఉంచినట్టే వాటిని ఉంచేశాడు. ఏదైనా నిండుకోవాలంటే ముందు అది ఇంట్లో ఉండాలి కదా. తన గదిలో ఒకటి నిండుకోవడం పుట్టాక ఇదే మొదటిసారి. మాట నాలుక దాకా వచ్చింది. గది చుట్టూ చూశాడు. అది గోడలతో అనే మాట కాదు, వినేవాళ్ళు ఒకరుండాలి. అనకుండానే పడుకున్నాడు.

పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి మైలవరానికి ట్రంకు కాల్ బుక్ చేశాడు. శుక్రవారం. చాలాసేపటికి లైను దొరికింది, అదే గరగర.

"మైలవరం డిపో, శౌరయ్యనండీ."

"నేను… ఇశ్రాయేలుని."

"మీరా! చెప్పండి సార్."

చెప్పడానికి ఇంకేమీ లేదు. అందుకని ఉన్నదే చెప్పాడు.

"బియ్యం నిండుకున్నాయండి."

అటువైపు కాసేపు గరగర మాత్రమే వినిపించింది. తర్వాత శౌరయ్య మెల్లగా అడిగాడు.

"లోడు పంపించనా బాబూ, నువ్వే వస్తావా?"